వాచ్‌డాగ్‌ను ఎక్కడి నుంచి కిక్ చేయాలి: బోరు మోటారు కంట్రోలర్ మీద ఒక జవాబు

ముందు ప్రశ్న ఏమిటో చెప్పుకుందాం. బోరు మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్ ఒకటి మీరు తయారు చేశారు. లోపల ఎస్‌టీఎం32ఎఫ్103 అనే ప్రాసెసర్ చిప్, పనులను టాస్కులుగా విడదీసి వంతులవారీగా నడిపే ఫ్రీఆర్‌టీఓఎస్, ఫోన్ నెట్‌వర్క్‌తో మాట్లాడే సిమ్800 మోడెమ్. వాచ్‌డాగ్ అంటే చిప్‌లోని కాపలా టైమర్, గడువులోపు ‘బాగానే ఉన్నాను’ అని కోడ్ దాన్ని తట్టకపోతే (ఆ తట్టడమే కిక్) బోర్డును రీసెట్ చేస్తుంది. ఇండిపెండెంట్ వాచ్‌డాగ్‌ను 2 సెకన్లకు పెట్టి, 1 మిల్లీసెకను టైమర్ ఇంటరప్ట్‌లో (నడుస్తున్న పనిని కాసేపు ఆపి, వేళకు వచ్చిపోయే చిన్న కోడ్) కిక్ చేస్తున్నారు. ఇంటరప్ట్‌లన్నీ ఆపేసి అనంత లూప్‌లోకి పంపితే బోర్డు చక్కగా రీసెట్ అవుతోంది. పొలంలో పెట్టాక మాత్రం పది పదిహేను రోజులకోసారి హ్యాంగ్ అయి కూర్చుంటోంది. రైతు వెళ్లి మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే తప్ప లేవట్లేదు. చిప్‌లో వాచ్‌డాగే సరిగ్గా లేదా అని మీ అనుమానం.

చిప్ బాగానే ఉంది. మీరు కిక్ చేస్తున్న చోటే తప్పు. కాలేజీలో ప్రాక్సీ అటెండెన్స్ గుర్తు చేసుకోండి. పిలిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు ‘ప్రెజెంట్ సార్’ అంటారు, రిజిస్టర్ నిండుగా ఉంటుంది, బెంచీ మాత్రం ఖాళీ. మీ టైమర్ ఇంటరప్ట్ చేస్తున్నది అదే. మోడెమ్ టాస్క్ ‘ఓకే’ అనే జవాబు కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోయినా, రెండు టాస్కులు ఒకరి మ్యూటెక్స్ (ఒకసారి ఒక్క టాస్కే పట్టుకోగల తాళం) కోసం ఇంకొకరు ఆగి డెడ్‌లాక్ అయినా, టైమర్ ఇంటరప్ట్‌కు వాటితో సంబంధం లేదు. దాని వేళకు అది వస్తుంది, అందరి తరఫునా హాజరు వేసి వెళ్తుంది.

మరి మీ టెస్ట్ ఎందుకు పాసైంది? ఇంటరప్ట్‌లు ఆపేశారు కాబట్టి, వాటితో పాటు కిక్ కూడా ఆగింది. హార్డ్‌ఫాల్ట్‌లో (ప్రాసెసర్ ముందుకు నడవలేని తప్పు) ఇరుక్కున్నా మీ బోర్డు రీసెట్ అవుతుంది, ఎందుకంటే హార్డ్‌ఫాల్ట్ నడుస్తుండగా మీ టైమర్ ఇంటరప్ట్‌కు వంతు రాదు. అంటే ప్రాసెసర్ మొత్తం పడిపోయే రకాన్ని మీ ఏర్పాటు పట్టుకుంటోంది. పొలంలో ఎక్కువగా వచ్చేది రెండో రకం: ప్రాసెసర్ నిక్షేపంగా తిరుగుతుంటుంది, ఇంటరప్ట్‌లు వస్తుంటాయి, పని మాత్రం జరగదు. దాన్ని మీరు టెస్ట్ చేయనే లేదు.

కిక్ ఒక సాక్ష్యం. మూడు ఫేజులూ చూశాను, కరెంటు కొలిచాను, మోటారు ఉండాల్సిన స్థితిలోనే ఉంది, మోడెమ్ టాస్క్ ఒక చుట్టు పూర్తి చేసింది అని ఎవరి పని వాళ్లు చేసి చెప్పాలి. అందరూ చెప్పాకే ఒకే ఒక్క చోటి నుంచి కిక్ వెళ్లాలి. మొత్తం ఫర్మ్‌వేర్‌లో (బోర్డులో నడిచే ప్రోగ్రాం) వాచ్‌డాగ్ కిక్ అనే వాక్యం వెతికితే అది ఒక్కసారే దొరకాలి. నేను ఎవరి కోడ్ చూసినా మొదట చేసే వెతుకులాట అదే. ఐదారు చోట్ల కనిపిస్తే, ఎక్కడో రీసెట్ వస్తుంటే ఆపడానికి అక్కడొకటి పడేశారని అర్థం. ముఖ్యంగా జవాబు కోసం ఎదురుచూసే లూపుల లోపల పెట్టిన కిక్‌లు. హ్యాంగ్ అయ్యేది అక్కడే, వాచ్‌డాగ్ నోరు నొక్కేసేదీ అక్కడే.

మీ కోడ్‌లో ఇలా చేయండి. ప్రతి టాస్కుకు ఒక గడువు కౌంటర్ పెట్టండి. ఫేజులు, కరెంటు చూసే టాస్కుకు 500 మిల్లీసెకన్లు, మోటారు లాజిక్‌కు 1 సెకను, మోడెమ్‌కు 90 సెకన్లు అనుకుందాం. టాస్క్ తన చుట్టు పూర్తిచేసి, వచ్చిన ఫలితం అర్థవంతంగా ఉందని చూసుకున్నాక తన కౌంటర్‌ను మళ్లీ నింపుతుంది. సూపర్‌వైజర్ టాస్క్ ఒకటి 250 మిల్లీసెకన్లకోసారి లేచి అన్ని కౌంటర్లనూ తగ్గిస్తుంది. ఏదీ సున్నా కాకపోతేనే కిక్ ఇస్తుంది. మోడెమ్‌కు అంత ఎక్కువ ఎందుకంటే, ఎస్‌ఎంఎస్ పంపే కమాండ్‌కు జవాబు రావడానికి 60 సెకన్ల దాకా పట్టవచ్చని సిమ్800 మాన్యువలే చెబుతుంది. దానికోసం హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ను 60 సెకన్లకు సాగదీయాల్సిన పని లేదు. ఎవరి గడువు వాళ్లకు సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ 2 సెకన్ల దగ్గరే ఉంటుంది.

ఇక్కడ చాలామంది తడబడే విషయాలు రెండున్నాయి. ఒకటి, క్యూ (టాస్కులు మెసేజ్‌లు ఇచ్చిపుచ్చుకునే వరస) మీద టైమవుట్ లేకుండా ఎదురుచూసే టాస్క్. మెసేజ్ రాకపోవడం దానికి మామూలే, కానీ హాజరు వేయలేదు కాబట్టి ఊరికే రీసెట్ అవుతుంది. ప్రతి ఎదురుచూపుకూ ఒక టైమవుట్ పెట్టి, ఖాళీగా తిరిగొచ్చినా హాజరు వేయించండి. రెండోది సూపర్‌వైజర్ ప్రయారిటీ. కాపలా కదా అని అందరికంటే పైన పెట్టాలనిపిస్తుంది. నేను ఐడిల్‌కు (ఎవరికీ పని లేనప్పుడు నడిచే టాస్క్) ఒక్క మెట్టు పైన, అన్నిటికంటే కింద పెడతాను. పై టాస్క్ ఏదైనా ప్రాసెసర్‌ను వదలకుండా తినేస్తుంటే కింద ఉన్న సూపర్‌వైజర్‌కు వంతు రాదు, కిక్ వెళ్లదు, రీసెట్ అవుతుంది. విడిగా కోడ్ రాయకుండానే ఆకలి చావుల (ప్రాసెసర్ వంతు దొరకని టాస్కుల) కేసు కూడా దొరుకుతుంది.

మోడెమ్ పలకకపోవడం వేరు, మోడెమ్ టాస్క్ ఇరుక్కోవడం వేరు. ఈ తేడా మనసులో ఉంచుకుని కోడ్ రాయండి. మోడెమ్ మూగబోవడం మనం ముందే ఊహించగల సంగతి, సిగ్నల్ సరిగ్గా లేని పొలాల్లో అది రోజువారీ వ్యవహారం. దాన్ని మామూలు కోడ్‌తోనే ఎదుర్కోవాలి: మూడు కమాండ్లకు జవాబు లేకపోతే మోడెమ్‌కు మాత్రమే పవర్ తీసి ఇవ్వండి, ఈలోగా మోటారు రక్షణ ఆగకుండా నడవాలి. మనం ఊహించలేకపోయిన వాటి కోసమే వాచ్‌డాగ్.

పవర్ తీసి ఇవ్వమన్నాను, మీ బోర్డులో అందుకు వీలుందా? మీరు పెట్టిన స్కీమాటిక్‌లో మోడెమ్ నేరుగా సప్లైకి కట్టేసి ఉంది. అలా ఉంటే వాచ్‌డాగ్ ఎన్నిసార్లు ప్రాసెసర్‌ను రీసెట్ చేసినా మోడెమ్‌కు ఆ సంగతే తెలియదు. అది బిగుసుకున్నది బిగుసుకున్నట్టే ఉంటుంది. రైతు మెయిన్ ఆఫ్ చేస్తేనే లేస్తోందని మీరు రాసిన ముక్క చదవగానే నాకు మొదట తట్టింది ఇదే. ఒక పీ-చానల్ మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) పెట్టి మోడెమ్ సప్లైని ప్రాసెసర్ చేతికి ఇవ్వండి. మోడెమ్‌ను ఆన్, ఆఫ్ చేసే పవర్‌కీ పిన్ పల్స్ మీద ఆధారపడకండి. మోడెమ్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ పల్స్ ఇస్తే ఆఫ్ అవుతుంది, మీరేమో ఆన్ చేశాననుకుంటారు. వాడక తప్పకపోతే స్టేటస్ పిన్ చదివి మరీ వాడండి. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు మోడెమ్ 2 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది, దానికి కావాల్సిన వోల్టేజీ 3.4 నుంచి 4.4 మధ్య. సన్నటి ట్రాకులు, చిన్న కెపాసిటర్ ఉంటే ఆ క్షణంలో సప్లై కుంగిపోతుంది. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌కు అడ్డంగా ఆర్‌సీ స్నబ్బర్ (ఆఫ్ చేసినప్పుడు లేచే వోల్టేజీ కుదుపును మింగే రెసిస్టర్, కెపాసిటర్ జత) ఉందో లేదో కూడా చూడండి. ఈ రెండూ సరిచేస్తే సగం హ్యాంగులు వాచ్‌డాగ్ దాకా రాకుండానే పోవచ్చు.

ఇప్పుడు నాకు ఎదురైన ఒక కేసు చెబుతాను, ఎందుకంటే వాచ్‌డాగ్ ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదని నాకు నేర్పింది అదే. మా తొలి బ్యాచ్ బోర్డుల్లో కొన్ని ఉన్నట్టుండి ఎవరి ఫోన్‌కూ స్పందించడం మానేశాయి. వెళ్లి చూస్తే ఎల్‌ఈడీ రెండు మూడు సెకన్లకోసారి వెలిగి ఆరుతోంది. వాచ్‌డాగ్ రీసెట్ చేస్తూనే ఉంది, బోర్డు మళ్లీ మళ్లీ పడిపోతూనే ఉంది. కారణం నెట్‌వర్క్ కంపెనీ నుంచి వచ్చిన తెలుగు ప్రచార ఎస్‌ఎంఎస్. ఇంగ్లిష్ మెసేజ్ అయితే 160 అక్షరాలు దాటదు కదా అని మేం 200 బైట్ల బఫర్ (మెసేజ్ దింపుకునే మెమరీ చోటు) పెట్టాం. తెలుగు మెసేజ్ యూసీఎస్2 అనే కోడింగ్‌లో వస్తుంది. ఒక మెసేజ్‌లో 70 యూనిట్లే పట్టినా, టెక్స్ట్ మోడ్‌లో మోడెమ్ ఒక్కో యూనిట్‌ను నాలుగు హెక్స్ అంకెలుగా అందిస్తుంది. అంటే 280 అక్షరాలు. బఫర్ పొంగి స్టాక్‌ను (ప్రోగ్రాం తన నడకను గుర్తుంచుకునే మెమరీ) తొక్కేసింది, హార్డ్‌ఫాల్ట్, రీసెట్. లేవగానే ఫర్మ్‌వేర్ చేసే మొదటి పని సిమ్‌లో మెసేజ్‌లు మిగిలి ఉన్నాయేమో చూడటం. అదే మెసేజ్ మళ్లీ చదివింది, మళ్లీ పడిపోయింది.

తెలుగు రైతుల కోసం తెలుగువాళ్లం చేసిన బోర్డు తెలుగు మెసేజ్ వస్తే కూలిపోవడం నన్ను చాలా రోజులు బాధపెట్టింది. బఫర్ పెంచడం, పొడవు చూసుకుని కాపీ చేయడం ఒక్క రోజు పని. అసలు నేర్చుకోవాల్సింది అంతకంటే లోతుగా ఉంది. రీసెట్ అయ్యాక బోర్డు తనను పడగొట్టిన పరిస్థితిలోకే తిరిగి నడవకూడదు. ఆ తర్వాత మేం చేసిన మార్పు ఇది: మెసేజ్ చదవబోయే ముందు దాని స్లాట్ నంబరును రీసెట్‌లో చెరగని చోట రాస్తాం, పని అయ్యాక చెరిపేస్తాం. లేచేసరికి ఆ నంబరు ఇంకా అక్కడే ఉంటే, ఆ స్లాట్‌ను తెరవకుండానే తొలగిస్తాం. ఇంకా వరసగా ఐదుసార్లు వాచ్‌డాగ్ రీసెట్ వస్తే సేఫ్ మోడ్: మోటారు ఆఫ్, మెసేజ్‌లు చదవడం బంద్, సర్వీస్ నంబరుకు ఒక్క ఎస్‌ఎంఎస్.

చెరగని చోటు అంటే ఎఫ్103లో బ్యాకప్ రిజిస్టర్లు. మీడియం డెన్సిటీ (మధ్యస్థంగా ఫ్లాష్ మెమరీ ఉన్న) చిప్‌లో 16 బిట్లవి పది ఉంటాయి, సిస్టమ్ రీసెట్‌కు చెక్కుచెదరవు. ఇంకా చోటు కావాలంటే స్టార్టప్ కోడ్ సున్నాలతో నింపని ర్యామ్ భాగం ఒకటి లింకర్‌లో (ఏది మెమరీలో ఎక్కడుండాలో నిర్ణయించే టూల్) కేటాయించుకోండి. సూపర్‌వైజర్‌కు ఎవరి గడువు దాటిందో తెలుసు కాబట్టి, కిక్ ఆపే ముందు ఆ టాస్క్ నంబరు అక్కడ రాయించండి. బోర్డు లేచిన వెంటనే, ఇంకేమీ చేయకముందే, ఆర్‌సీసీ కంట్రోల్ స్టేటస్ రిజిస్టర్‌లో రీసెట్ కారణం చదివి దాచుకుని ఫ్లాగులు తుడిచేయండి. తుడవకపోతే పాత కారణాలు పేరుకుపోతాయి. చదివే వరసలో వాచ్‌డాగ్ ఫ్లాగ్‌ను ముందు చూడండి, పిన్ రీసెట్ ఫ్లాగ్‌ను చివర్లో. లోపలి నుంచి వచ్చే రీసెట్‌లు కూడా ఆ పిన్‌ను కిందికి లాగుతాయి కాబట్టి పిన్ ఫ్లాగ్ దాదాపు ప్రతిసారీ పడి ఉంటుంది. దాన్ని ముందు చూసినవాళ్లు ‘ఎవరో బటన్ నొక్కారు’ అని పొరబడతారు. ఈ వివరాలను రోజుకొక ఎస్‌ఎంఎస్‌లో తెప్పించుకుంటే, రైతు ఫోన్ చేయకముందే ఏ బోర్డు కుంటుతోందో మీకు తెలుస్తుంది.

కారణం రాసిపెట్టుకోవడం ఎంత విలువైందో 1997లో నాసా నౌక మార్స్ పాత్‌ఫైండర్ చూపించింది. జూలై 4న అంగారకుడి మీద దిగాక అది మధ్యమధ్య రీసెట్ అవడం మొదలైంది. తక్కువ ప్రయారిటీ వాతావరణ టాస్క్ ఒక మ్యూటెక్స్ పట్టుకుని ఉండగా, మధ్య ప్రయారిటీ టాస్కులు దాన్ని నడవనివ్వలేదు. ఆ మ్యూటెక్సే కావాల్సిన పై ప్రయారిటీ బస్ టాస్క్ వేళకు పని ముగించలేకపోయింది. అది గమనించిన మరో టాస్క్ సిస్టమ్‌ను రీసెట్ చేసింది. ప్రయారిటీ ఇన్వర్షన్ అని పాఠాల్లో చెప్పుకునేది ఇదే. భూమ్మీద ఉన్న నకలు మీద ట్రేస్ ఆన్ చేసి ఇంజనీర్లు అదే తప్పును మళ్లీ రప్పించారు, ఆ మ్యూటెక్స్‌కు ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ (తాళం పట్టుకున్న టాస్కుకు, దానికోసం ఆగిన టాస్కు ప్రయారిటీని తాత్కాలికంగా ఇవ్వడం) ఆన్ చేసి పంపారు, సమస్య తీరింది. అక్కడ పట్టుబడింది చూడండి: ప్రాసెసర్ ఆగలేదు, పని వేళకు కాలేదు. మీ ఫ్రీఆర్‌టీఓఎస్‌లో మ్యూటెక్స్‌కు ఆ గుణం ఉంటుంది, దాని బదులు కొందరు వాడే బైనరీ సెమఫోర్‌కు ఉండదు. మోడెమ్‌తో మాట్లాడే యూఆర్ట్ లైన్‌ను దేంతో కాపాడుతున్నారో ఒకసారి చూసుకోండి.

దీనికి మూడేళ్ల ముందు, 1994 మే 7న, క్లెమెంటైన్ అనే వ్యోమనౌకకు ఇంకో గతి పట్టింది. చంద్రుడి పని ముగించుకుని జియోగ్రాఫోస్ అనే గ్రహశకలం వైపు వెళ్లాల్సిన సమయంలో కంప్యూటర్ తప్పింది. ఒక థ్రస్టర్ ఇంధనం అయిపోయేదాకా మండింది, నౌక నిమిషానికి 80 చుట్ల వేగంతో తిరిగింది, గ్రహశకలం ప్రయాణం రద్దయింది. హార్డ్‌వేర్‌లో వాచ్‌డాగ్ ఉంది, దాన్ని వాడుకునే కోడ్ రాయడానికి వ్యవధి దొరకలేదు. ‘తర్వాత పెడదాం’ అనుకునేవాళ్లకు నేనెప్పుడూ చెప్పేది ఈ కథే.

మళ్లీ మీ బోర్డుకు వద్దాం. వాచ్‌డాగ్‌ను మీరు మోడెమ్ ఇనిషియలైజేషన్ అయ్యాక స్టార్ట్ చేస్తున్నారు. మోడెమ్ ఆ దశలోనే పలకకపోతే కాపలా ఇంకా రాకముందే ఇంట్లో దొంగ పడినట్టు. ఆప్షన్ బైట్‌లో (చిప్‌లో శాశ్వతంగా నిలిచే సెట్టింగు) హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ ఎంచుకుంటే పవర్ రాగానే అదే మొదలవుతుంది, కోడ్ మర్చిపోయే అవకాశమే ఉండదు. ఒకసారి మొదలయ్యాక రీసెట్ తప్ప దాన్ని ఆపే మార్గం లేదు కాబట్టి బూట్‌లోడర్‌కు (కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించే ప్రోగ్రాం) కూడా కిక్ చేయడం తెలిసి ఉండాలి. ఎఫ్103లో ఒక ఫ్లాష్ పేజీ చెరపడానికి 40 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. 64 పేజీలు ఒకే ఊపులో చెరిపితే 2.56 సెకన్లు, మీ 2 సెకన్ల గడువు దాటిపోతుంది, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ సగంలో రీసెట్. పేజీకీ పేజీకీ మధ్య కిక్ ఇవ్వండి. ‘ఒక్క చోటే కిక్’ అన్న నియమానికి నేను ఒప్పుకునే మినహాయింపు ఇదొక్కటే, అదీ వేరే ప్రోగ్రాం కాబట్టి.

ఆ 2 సెకన్లు కూడా కచ్చితమైనవి కావు. ఈ వాచ్‌డాగ్ నడిచే లోపలి ఆసిలేటర్ మామూలుగా 40 కిలోహెర్ట్జ్, కానీ డేటాషీట్ ప్రకారం 30 నుంచి 60 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మీరు లెక్కేసిన 2 సెకన్లు ఒక చిప్‌లో 1.33, ఇంకో చిప్‌లో 2.67 అవుతాయి. సూపర్‌వైజర్ 250 మిల్లీసెకన్లకోసారి లేస్తుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. గడువు ఎంత పెట్టాలన్నది మాత్రం మీ లూప్ ఎంతసేపు పడుతుందన్న లెక్కతో మొదలుపెట్టకండి. ఒక ఫేజ్ పోయినప్పుడు కంట్రోలర్ కళ్లు మూసుకుని ఉంటే మోటారు ఎంతసేపు ఓర్చుకుంటుంది? అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలేను మాత్రం, బోర్డే అన్నీ చూసుకుంటుందని, ఎవరు చెప్పినా తీసేయకండి.

రీసెట్ జరిగే ఆ క్షణంలో రిలే ఏమవుతుందన్నది అన్నిటికంటే ముఖ్యం. రీసెట్‌లో దాదాపు పిన్‌లన్నీ ఇన్‌పుట్‌లై గాలిలో వేలాడతాయి. రిలే ట్రాన్సిస్టర్ బేస్‌కు 10 కిలోఓమ్‌ల పుల్‌డౌన్ (పిన్‌ను సున్నా వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్) లేకపోతే ఆ కొద్దిసేపు రిలే ఏం చేస్తుందో చెప్పలేం. పుల్‌డౌన్ ఉంటే మోటారు ఆగుతుంది, ఆగాలి కూడా. లేచాక మోటారును దానంతటదే ఆన్ చేయొచ్చా? బోర్డుకు పాత స్థితి గుర్తుంది కదా, నీళ్లు ఆగకూడదు కదా అని చాలామంది ఆన్ చేయిస్తారు. నేను ఒప్పుకోను. మోటారు ఆగిందని చూసి రైతు స్టార్టర్ డబ్బా తెరిచి వైర్లు కదుపుతూ ఉండొచ్చు. స్టార్టర్ల దగ్గర షాక్‌తో పోయినవాళ్ల గురించి మన పల్లెల్లో వినని మనిషి లేడు. వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత మోటారు ఆఫ్‌లోనే ఉండాలి, ‘మోటారు ఆగింది, మళ్లీ ఆన్ చేయాలా’ అని రైతుకు మెసేజ్ వెళ్లాలి. ఒక మడి తడి తక్కువైతే రేపు పెట్టుకోవచ్చు.

బయట విడిగా వాచ్‌డాగ్ చిప్ పెట్టాలా అని కూడా అడిగారు. లోపలి ఇండిపెండెంట్ వాచ్‌డాగ్‌కు సొంత క్లాక్ ఉంది, ఈ పనికి అది చాలు. చిప్‌లోనే ఉండే రెండో రకం, విండో వాచ్‌డాగ్, ప్రాసెసర్ బస్ క్లాక్ మీదే నడుస్తుంది కాబట్టి, అది ఒక్కటే మీద ఆధారపడొద్దు. మాక్స్706 లాంటి చిప్ పెడితే దాని గడువు 1.6 సెకన్లు. దాని ఇన్‌పుట్ పిన్ తేలుతూ ఉంటే వాచ్‌డాగ్ పని మానేస్తుంది, అంటే రీసెట్‌లో మీ పిన్ ఇన్‌పుట్‌గా మారినంతసేపూ కాపలా ఉండదు. అది తెలిసి డిజైన్ చేయండి.

టెస్ట్ గురించి. డీబగ్గర్‌తో ఆపినప్పుడు వాచ్‌డాగ్ కూడా ఆగేలా డీబగ్ రిజిస్టర్‌లో ఒక బిట్ ఉంది, అది వాడుకోండి. డీబగ్ కోసం వాచ్‌డాగ్‌నే కామెంట్‌లో పెట్టేసి, అలాగే పొలానికి పంపిన బోర్డులు నేను చూశాను. ప్రతి టాస్కునూ ఒక్కొక్కటిగా ఇరికించే రహస్య ఎస్‌ఎంఎస్ కమాండ్ టెస్ట్ బిల్డ్‌లో రాసుకోండి. ఇంటరప్ట్‌లు నడుస్తూనే ఉండాలి, ఆ ఒక్క టాస్కే ఆగాలి. ప్రతిసారీ రీసెట్ వచ్చిందా, రాసిన టాస్క్ నంబరు సరైనదేనా చూడండి. ఆ తర్వాత టేబుల్ మీద చిన్న మోటారు తిరుగుతుండగా మోడెమ్ నుంచి ప్రాసెసర్‌కు వచ్చే వైరు ఊడదీయండి. మోటారు ఆగకూడదు, 90 సెకన్ల లోపు మోడెమ్‌కు మాత్రం పవర్ పోయి రావాలి. వైరు తిరిగి పెట్టాక మీ ఫోన్ నుంచి ఆ బోర్డుకు నిండా 70 అక్షరాల తెలుగు మెసేజ్ ఒకటి పంపండి.